హెచ్చరిక: ‘ఆయిస్టర్ బాయ్’ చవగ్గా దొరుకుతోందని కొనేముందు

హాలీవుడ్ దర్శకుడు టిమ్ బర్టన్ రాసి, బొమ్మలు కూడా తనే గీసిన ఇంగ్లిష్ పద్యకథల పుస్తకం ‘ది మెలంకలీ డెత్ ఆఫ్ ఆయిస్టర్ బాయ్’ (1997) కొనాలనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ ‘ఇంపోర్టెడ్ ఎడిషన్’ అంటూ సగం ధరకి అమ్ముతున్నాడు. నాకొచ్చింది పక్కా పైరసీ కాపీ.

మామూలు నవలైతే నాసిరకం కాగితం మీదైనా కళ్లు చికిలించుకుని చదివేస్తాం. దీనితో అలా కుదరదు. మొదటి పద్యమే చూడండి. ఒక పుల్ల అబ్బాయి, ఒక అగ్గిపుల్ల అమ్మాయి ప్రేమలో పడతారు. తర్వాతేమవుతుందో ఎవరైనా చెప్పేస్తారు, అయినా నవ్వొస్తుంది, నవ్వినందుకు కాస్త సిగ్గూ వేస్తుంది. పట్టుమని పది పాదాలు లేని కథ; మిగతాదంతా బొమ్మే చెప్పాలి. నా కాపీలో బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది. ఎవరు కాలారో, ఎవరు మిగిలారో ఆ దేవుడికే తెలియాలి.

పద్యాల గతి ఇంకా ఘోరం. పేజీలు స్కాన్ చేసి, అక్షరాలు కంప్యూటర్‌తో గుర్తుపట్టించి, మళ్లీ అచ్చేసినట్టున్నారు. పాదాలన్నీ కలిసిపోయి, అంత్యప్రాసలు వరస మధ్యలో ఇరుక్కున్నాయి. ఇందులో హాస్యమంతా పాదం చివర ప్రాస టక్కున పడటంలోనే ఉంది. అది పోతే మిగిలేది ఒట్టి చావు కబురే.

అన్నట్టు, దీన్ని ‘పిల్లల పుస్తకాలు’ విభాగంలో పెట్టాడు మహానుభావుడు. పుస్తకానికి పేరిచ్చిన కథలో తండ్రి కన్నకొడుకునే తినేస్తాడు. పాపని పడుకోబెడుతూ చదివే సరుకు కాదు.

రిటర్న్ పెడితే ‘చదివేసి వెనక్కిస్తున్నారు’ అని తిరగ్గొట్టాడు. మీకూ ఇలా జరిగితే కారణం దగ్గర ‘నచ్చలేదు’ అని నొక్కకండి, ‘చెప్పిన వస్తువు కాదు’ అనే పెట్టండి. చెప్పినదొకటి, పంపినదొకటి అయితే వెనక్కి తీసుకోననడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. సైటు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నా డబ్బు మాత్రం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాకే కదిలింది.

కొనేముందు కాపీరైట్ పేజీ, లోపలి బొమ్మల పేజీ ఒకటి ఫొటో తీసి పంపమనండి. రిఫండ్ వచ్చాక అదే సెల్లర్‌ని ఊరికే అడిగి చూశాను. మళ్లీ అట్ట ఫొటోనే పంపాడు, ఈసారి కాస్త జూమ్ చేసి.