నాయన ఎక్స్ఎల్ సూపర్ దిగి సెకండ్ హ్యాండ్ ఎక్స్ఎల్ 100 ఎక్కాక: నాలుగేళ్లు, 38 వేల కిలోమీటర్లు

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. పొద్దున, సాయంత్రం ఇళ్ల దగ్గర పాలు పోయించుకుని కేంద్రానికి చేర్చడం నా పని. వెనక ఒక పక్క 40 లీటర్ల క్యాను, ఇంకో పక్క 20 లీటర్లది. రెండు పూటలా కలిపి రోజుకు 26 కిలోమీటర్లు. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. గేదెకు సెలవుల సంగతి తెలియదు కదా.

2006లో నాయన కొత్తగా కొన్న టీవీఎస్ మోపెడ్ ఎక్స్ఎల్ సూపర్ మీదే ఈ పని నేర్చుకున్నాను. 69.9 సీసీ, టూ స్ట్రోక్, అంటే పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే ఇంజన్, గేర్లు లేవు. 2021లో ఆర్సీకి పదిహేనేళ్లు నిండాయి. రెన్యువల్ ఖర్చు, దాంతోపాటు అరిగిన ఇంజన్‌కు బోరు పని, అన్నీ లెక్కేసుకుంటే బండి విలువే దాటిపోయేలా ఉంది. కొత్తది కొందామంటే టూ స్ట్రోక్ అనేది షోరూంలో లేకుండా పోయి చాలా కాలమైంది. ఆ ఆగస్టులో చిత్తూరులో ఒకాయన దగ్గర 2018 మోడల్ ఎక్స్ఎల్ 100 హెవీ డ్యూటీ తీసుకున్నాను. 99.7 సీసీ, ఫోర్ స్ట్రోక్, కార్బురేటర్ బండి, కిక్కు. 26,500 ఇచ్చాను. బీఎస్6 అనే పొగ నిబంధన వచ్చాక ఈ బండ్లకు కార్బురేటర్ తీసేసి, కరెంటుతో పెట్రోలు కొట్టే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. నాకు కావాలనే పాతది తీసుకున్నాను, మా ఊరి మెకానిక్ అన్న స్క్రూడ్రైవర్‌తో విప్పగలిగేది అయితే చాలనుకున్నాను.

బండి చూడడానికి వెళ్లినప్పుడు అమ్మే ఆయన అప్పటికే స్టార్ట్ చేసి వాకిట్లో పెట్టి ఉంచాడు. "ఒక రౌండ్ కొట్టుకోనిరా సామీ" అన్నాడు. కొట్టాను. మెత్తగా వెళ్లింది. ఇంటికి తెచ్చిన మర్నాడు తెల్లవారి కిక్కు కొడితే వెనక నుంచి నీలంగా కొంచెం పొగ వచ్చి, రెండు నిమిషాలకు ఆగిపోయింది. నాకు ఏమీ అనిపించలేదు. పదిహేనేళ్లు పొగ వెనకే తిరిగిన వాడిని. మాకు పొగ వస్తేనే బండి బాగున్నట్టు, పొగ తగ్గితే ఆయిల్ తక్కువైనట్టు.

టూ స్ట్రోక్ నడిపినవాళ్లకు ఈ సంగతి అర్థమవుతుంది. దాంట్లో పెట్రోలు, గాలి ముందు ఇంజన్ అడుగు పెట్టెలోకి వెళ్లి, ఆ తర్వాతే పైకి వస్తాయి. అడుగున వేరే ఆయిల్ ఉండదు. పెట్రోలుతో పాటు మనం పోసే టూటీ ఆయిలే బేరింగులనూ పిస్టన్‌నూ తడుపుకుంటూ పోయి కాలిపోతుంది. అదే ఆ పొగ. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ అడుగున దాని మానాన అది ఉంటుంది, కాలకూడదు. నీలం పొగ వచ్చిందంటే ఉండాల్సిన చోటు నుంచి ఆయిల్ పైకి పోతున్నట్టే. ఒకదానికి ఆరోగ్యం, ఇంకోదానికి జబ్బు. మా ఊళ్లో బండి మార్చినవాళ్లందరూ మైలేజీ గురించే చెప్పారు, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మొదటి వారమే ఇంకో పని చేశాను. నాయన ఒక క్వార్టర్ సీసాలో టూటీ ఆయిల్ పోసి హ్యాండిల్‌కు సంచిలో తగిలించేవాడు. సీసా మీద బ్లేడుతో గీతలు గీసి ఉంటాయి, ఒక్కో గీత లీటరు పెట్రోలుకు సరిపడా 20 మిల్లీలీటర్లు. బంకులో రెండు లీటర్లు కొట్టించగానే నా చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయింది, రెండు గీతలు ట్యాంకులో పోసేశాను. బంకు కుర్రాడు పైపు పట్టుకుని నిలబడిపోయాడు. "అనా, ఇది ఫోర్ స్ట్రోక్ కదనా?" ఏమీ పేలిపోలేదు. నాలుగు రోజులు దగ్గి, ప్లగ్గు నల్లగా కార్బన్ పట్టి ఒక సాయంత్రం ఆగింది. ప్లగ్గు విప్పి ఎమరీ కాగితంతో రుద్దుకుని వెళ్లిపోయాను. అది నవ్వుకునే తప్పు.

అసలు తప్పు అది కాదు. "నిన్ననే ఆయిల్ మార్చినా" అని అమ్మినాయన చెప్పాడు. ఆ నిన్న నాకు పది నెలలు సరిపోయింది. ఇంజన్‌కు అడుగున ఒక నట్టు ఉంటుందని, దాన్ని విప్పి ఆయిల్ దించాలని నాకు తెలియక కాదు, గుర్తు రాక. పెట్రోలు పోసినప్పుడల్లా ఆయిల్ పోసే అలవాటు ఉన్నవాడికి, ఆయిల్ పోయకుండా తిరుగుతున్నామంటే అంతా బాగున్నట్టే ఉంటుంది.

మరుసటి ఏడాది మామిడి సీజన్‌లో బయటపడింది. తోతాపురి కాయలు దిగే రోజుల్లో బంగారుపాళ్యం మార్కెట్ వైపు ట్రాక్టర్లు బారులు కడతాయి. వాటి మధ్య పాల క్యాన్లతో ఆగుతూ, కదులుతూ, ఎండలో గంటసేపు. ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు. ఫోర్ స్ట్రోక్ అంటే ఇలాగే కొట్టుకుంటుందేమో అనుకుని ఇంకో వారం తిప్పాను. చివరికి మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళితే ఆయన చప్పుడు వినగానే అడిగిన మాట: "ఆయిల్ ఎప్పుడైనా చూస్తివా లేదా?"

మూత తిప్పి, ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల తీశాడు. తుడిచి మళ్లీ పెట్టి తీశాడు. పుల్ల కొనకు కూడా తడి అంటలేదు. అడుగు నట్టు విప్పి పాత గిన్నె పెడితే రెండు టీ గ్లాసులంత దిగింది, తారులాగా. వేలితో తీసి బొటనవేలికి రాసుకుని నా ముందుకు చాపాడు. వెలుతురులో సన్నటి మెరుపు. "చూడు, ఇది నీ ఇంజనే" అన్నాడు. పిస్టన్ రింగులు, వాల్వ్ సీల్స్, టాపెట్ సెట్టింగ్, గాస్కెట్లు, కూలి అన్నీ కలిపి 4,200 అయింది. రెండు రోజులు బండి లేదు, బావమరిది ఆటోలో పాలు పంపించాను. పొద్దున నీలం పొగ అప్పటి నుంచి మళ్లీ కనబడలేదు. అంటే అది కొన్న రోజు నుంచే ఉన్న జబ్బు.

అందుకని సెకండ్ హ్యాండ్ ఫోర్ స్ట్రోక్ చూడబోయే వాళ్లకు చెప్పేదేమంటే, ముందు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగొచ్చి, చల్లారాక మీరే కిక్కు కొట్టండి. మొదటి అర నిమిషం వెనక నిలబడి చూడండి. ఆయిల్ పుల్ల తీయండి. మీటరు రీడింగును పెద్దగా నమ్మకండి, కేబుల్ తెగితే అది అక్కడే ఆగిపోతుంది. దానికంటే ఫుట్‌బోర్డు రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు, చైన్ స్ప్రాకెట్ పళ్లు నిజం చెబుతాయి. ఆర్సీ ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద సంతకాలు అప్పుడే పెట్టించుకోండి, "రేపు" అంటే డబ్బు కూడా రేపే.

ఇక నడపడం గురించి.

వారానికోసారి దాణా కోసం పలమనేరు వెళతాను, మొగిలి ఘాట్ ఎక్కాలి. పాత బండి మీద నాయనను ఎక్కించుకుంటే సగం ఎక్కేసరికి 15 కిలోమీటర్లకు పడిపోయేది. ఎంత రేజ్ ఇచ్చినా అరుపే తప్ప అడుగు పడదు. పక్కన ఆపి, ఇంజన్ చల్లారే దాకా చెట్టు కింద కూర్చునేవాళ్లం. ఎక్స్ఎల్ 100 అదే ఎత్తును 30 స్పీడులో ఎక్కుతుంది, అరవదు. టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ కొడుతుంది, ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకు ఒకటి. కానీ సీసీ పెద్దది, ఆ ఒక్క దెబ్బా తక్కువ స్పీడులోనే గట్టిగా తగులుతుంది. బరువు మోసేవాళ్లకు కావలసింది అదే. ఖాళీ బండి మీద సిగ్నల్ దగ్గర దూకడానికి మాత్రం పాతదే చురుకు. ఆ మాట ఒప్పుకోవాలి.

దిగడం ఇంకా తేడా. నాయన ఎప్పుడూ "ఘాట్ దిగేటప్పుడు ఊరికే మూసిపెట్టొద్దు, నడుమ నడుమ రేజ్ ఇస్తా ఉండు" అనేవాడు. పాతకాలం చాదస్తం అనుకునేవాడిని. మెకానిక్ అన్న చెప్పాకే తెలిసింది. రేజ్ మూస్తే పెట్రోలు రాదు, పెట్రోలు రాకపోతే దాంట్లో కలిసిన ఆయిలూ రాదు, కానీ ఇంజన్ మాత్రం దిగుడులో వేగంగా తిరుగుతూనే ఉంటుంది. పొడిగా తిరిగి పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు ఆ భయం లేదు. రేజ్ వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది, 50 కిలోల దాణా మూట ఉన్నా తెలుస్తుంది. అయితే బాగా నెమ్మదించాక క్లచ్ వదిలేస్తుంది, ఆ క్షణంలో బండి చేతుల్లోంచి జారినట్టు ముందుకు పోతుంది. మొదటిసారి మలుపులో అలా జరిగి గుండె ఝల్లుమంది. చివరి మలుపుల్లో బ్రేకు ముందే పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

బరువు మోసే విషయంలో నా తప్పులు కూడా చెప్పాలి. కంపెనీ చెప్పే లెక్క 130 కిలోలు. 60 లీటర్ల పాలు, క్యాన్లు, నేను, అన్నీ కలిపితే గీత మీదే ఉన్నాం. మామిడి రోజుల్లో రెండు బుట్టలు కూడా కడితే గీత దాటాం. వెనక చక్రంలో మూడు స్పోకులు ఒకే నెలలో తెగాయి. దానికి బండిని తిట్టడం న్యాయం కాదు.

చలికాలం తెల్లవారుజామున పాతది ఒక్క కిక్కుకే లేచేది. ఇది చోక్ లాగి, మూడు నాలుగు కిక్కులు కొట్టి, కాసేపు వేడెక్కనిస్తే గానీ కదలదు. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ చిరాకే.

డబ్బు లెక్క. బరువుతో పాతది లీటరుకు 42 ఇచ్చేది. ఇది 55 ఇస్తోంది. మా దగ్గర పెట్రోలు రేటు 110 దాకా ఉంది కాబట్టి, టూటీ ఆయిల్ మిగులు కూడా కలుపుకుంటే రోజుకు 20 రూపాయలు, ఏడాదికి ఏడు వేల పైన. దాంట్లోంచి మూడు వేల కిలోమీటర్లకొకసారి ఇంజన్ ఆయిల్, అది ఏడాదికి పదకొండు వందలు. మొదటి ఏడాది మిగులులో సగం పైన నా మతిమరుపే తినేసింది. ఆయిల్ విషయంలో ఇంకో మాట. కారుకు మిగిలిన ఆయిల్ ఉందని పోయకండి. ఈ బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో తడుస్తూ ఉంటుంది, జారుడు ఎక్కువైతే ఇంజన్ తిరుగుతుంది, బండి కదలదు. టూ వీలర్ ఫోర్ స్ట్రోక్ ఆయిల్ అని డబ్బా మీద ఉన్నదే పోయాలి.

ఏడాదికోసారి సైలెన్సర్ కాల్చే పని పోయింది. ఆ పని చేసినవాళ్లకు తెలుసు. సైలెన్సర్ విప్పి, పిడకల మంటలో పడేస్తే లోపలి మసి జిడ్డు అంటుకుని, చిన్న కొలిమిలా నోట్లోంచి మంట వస్తుంది. చల్లారాక కర్రతో కొడితే నల్లటి పెచ్చులు రాలతాయి. అది బిగించిన రోజు బండి కొత్త పెళ్లికొడుకులా పరిగెత్తేది. పిల్లలకు అది పండగ. అమ్మకు మాత్రం పెరడంతా వాసన.

నేను అనుకోని ఇబ్బంది ఒకటి వచ్చింది. చప్పుడు లేకపోవడం. పాత బండి మలుపు తిరగక ముందే ఆ టర్రుమనే మోత విని ఆడవాళ్లు చెంబులు, క్యాన్లు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేవాళ్లు. కొత్త బండి మొదటి వారం ప్రతి ఇంటి ముందూ నేనే నిలబడ్డాను. ఒక అవ్వ అయితే "దొంగోడి మాదిరి వస్తా ఉండావే అబ్బోడా" అంది. ఇప్పుడు వీధి మొదట్లో మూడుసార్లు హారన్ కొడతాను. అడవి అంచు తోటల వైపు చీకట్లో వెళ్లేటప్పుడు కూడా ఇదే గుర్తొస్తుంది, మా వైపు ఏనుగులు దిగుతుంటాయి. నేను వస్తున్నట్టు వాటికి తెలియాలా వద్దా అనేది నాకింకా తేలలేదు. ఒకటి మాత్రం మేలు, 2017 నుంచి కొత్త బండ్లకు లైటు ఆపే స్విచ్ ఉండదు, ఇది ఆ తర్వాతి బండి కాబట్టి ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ప్రతి సోమవారం పాలు పోసి వచ్చాక ఆయిల్ పుల్ల తీసి చూస్తాను. టాపెట్లు ఏడాదికోసారి సెట్ చేయిస్తాను. ఈ నెల చైన్ సెట్ మార్చాలి, పళ్లు వాలిపోయాయి.

పాత ఎక్స్ఎల్ కొట్టంలో ఉంది. ఇద్దరు ముగ్గురు అడిగారు, నాయన ఇవ్వలేదు. క్వార్టర్ సీసా ఇంకా మేకుకు వేలాడుతోంది. సగం టూటీ ఆయిల్ మిగిలితే కొట్టం తలుపు బందులకు రాస్తున్నాను, ఒక గీత దిగింది.