అలర్ట్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు జాగ్రత్త: "ఎస్కలేషన్ కంప్లీటెడ్" అని చూపించింది, ఎవరికీ ఫోన్ రాలేదు

హైదరాబాద్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఐటీ చూసుకుంటాను. ఇన్సులిన్, వ్యాక్సిన్లు పెట్టే కోల్డ్‌రూమ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. దాటితే వెంటనే ఎవరో ఒకరికి ఫోన్ మోగాలి. ఇదివరకు అట్లాసియన్ కంపెనీ అలర్ట్ సాఫ్ట్‌వేర్ ఆప్స్‌జీనీ వాడేవాళ్లం. 2025 జూన్ 4 నుంచి అట్లాసియన్ దాన్ని కొత్తవాళ్లకు అమ్మడం ఆపేసింది, 2027 ఏప్రిల్ 5తో సర్వీసు కూడా ఆగిపోతుంది. ఎలాగూ మారాలి కదా అని ఒక వర్క్‌ఫ్లో ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. పేరు రాయను. డెమో మాత్రం అదిరిపోయింది, సంవత్సరం డబ్బులు ముందే కట్టేశాం.

అలర్ట్ ఎవరెవరికి వెళ్లాలో పెట్టుకున్న మా గ్రూపులో మూడు మెట్లు. కింది మెట్టులో ఎవరూ స్పందించకపోతే పై మెట్టుకు వెళ్లడమే ఎస్కలేషన్. మొదట గోడౌన్‌లో రాత్రి డ్యూటీ అబ్బాయి, పది నిమిషాల్లో ఆయన ఎకనాలెడ్జ్ (అంటే "అలర్ట్ చూశాను") నొక్కకపోతే సూపర్‌వైజర్, ఇంకో పది నిమిషాలకు నేనూ మా ఓనరూ.

ఆ రాత్రి 2:14కి కంప్రెసర్ ట్రిప్ అయి 8.6 డిగ్రీలకు వెళ్లింది. డ్యూటీ అబ్బాయి ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను ఎప్పుడో నిద్రపుచ్చింది. సరే, అలాంటప్పటి కోసమే కదా రెండో మెట్టు. మా సూపర్‌వైజర్ అంతకు ముందు నెలే ఉద్యోగం మానేశాడు, ఆయన లాగిన్ తీసేశాం. గ్రూపులో పేరు మాత్రం బూడిద రంగులో అలాగే ఉంది. పొద్దున 6:40కి నేను లాగ్ తెరిస్తే కనిపించింది ఇది:

"లెవెల్ 2 నోటిఫైడ్: 0 యూజర్స్. స్టేటస్: ఎస్కలేషన్ కంప్లీటెడ్."

అంటే ఖాళీ మెట్టు మీదకు వచ్చి అక్కడే ఆగిపోయింది. మూడో మెట్టుకు ఎక్కనే లేదు. ఆ తర్వాత వచ్చిన 9, 11, 14 డిగ్రీల రీడింగులన్నీ "ఇది పాత అలర్టే" అని మొదటిదాంట్లోనే కలిపేసింది. కొత్త అలర్ట్ పుట్టలేదు, కొత్తగా ఎవరికీ ఫోన్ వెళ్లలేదు. నాలుగు గంటలకు పైగా కోల్డ్‌రూమ్ అలా వేడెక్కుతూనే ఉంది. సరుకంతా పక్కన పెట్టి, తయారీ కంపెనీల నుంచి జవాబు వచ్చేదాకా ఒక్క పెట్టె కదపలేదు.

సపోర్ట్ వాళ్లను అడిగితే ఒకటే మాట, "సాఫ్ట్‌వేర్ డిజైన్ ప్రకారమే పని చేసింది సార్." లాగిన్ తీసేటప్పుడు "ఈయన ఫలానా గ్రూపులో ఒక్కడే ఉన్నాడు" అని ఒక్క హెచ్చరిక ఎందుకు చూపించలేదంటే, అది రోడ్‌మ్యాప్‌లో, అంటే ముందు ముందు చేర్చబోయేవాటి జాబితాలో ఉందట. సూపర్‌వైజర్ వెళ్లిపోయినప్పుడు గ్రూపు చూసుకోకపోవడం మా తప్పే, కాదనను. కానీ ఎవరికీ చేరని అలర్ట్‌ను "కంప్లీటెడ్" అని రాయడం మాత్రం మా తప్పు కాదు.

నిజానికి మొదటి వారంలోనే అనుమానం రావాల్సింది. షెడ్యూల్ టైమ్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైమ్) ఉందని ఎవరూ చెప్పలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 అని పెట్టిన షిఫ్ట్ మన టైమ్‌లో తెల్లవారుజామున 3:30 నుంచి 11:30 అయింది. పాపం ఆ అబ్బాయి డ్యూటీ దిగి పడుకుంటే పొద్దున 11కి టెస్ట్ కాల్స్! అది సరిచేసుకుని నవ్వుకున్నాం.

మీరు కొనేముందు ట్రయల్‌లోనే మధ్య మెట్టులో ఉన్న ఒకరి లాగిన్ తీసేసి, రాత్రిపూట అలర్ట్ కొట్టి చూడండి. పై మెట్టుకు వెళ్లిందా లేదా? పగలు ఆఫీసులో అందరూ స్క్రీన్ ముందు ఉండగా చేసే డెమో దేనికీ పనికిరాదు. కాల్స్‌కు క్రెడిట్లు విడిగా కొనాలా, అయిపోతే ముందే చెబుతుందా అన్నది కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఎస్సెమ్మెస్ సంగతి ఇంకొకటి. మన దేశంలో కంపెనీలు పంపే మెసేజ్ టెంప్లేట్ (నమూనా) డీఎల్‌టీ అనే టెలికాం ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ వ్యవస్థలో రిజిస్టర్ అయి ఉండాలి. ఖాళీ వదిలిన చోట తప్ప మాట మారిస్తే ఆపరేటర్ ఆపేస్తాడు. మేం "కోల్డ్‌రూమ్" పక్కన "అర్జెంట్" అని చేర్చాం, అంతే, ఆ రోజు నుంచి ఒక్కటీ రాలేదు. డాష్‌బోర్డులో మాత్రం అన్నిటికీ "సెంట్" అని పచ్చ టిక్కే. "డెలివర్డ్" అని విడిగా చూపిస్తుందో లేదో అడగండి.

డబ్బులు వెనక్కి రాలేదు, ఒప్పందం ఇంకా ఏడు నెలలుంది. అప్పటిదాకా రాత్రి గంటకోసారి డ్యూటీ అబ్బాయి థర్మామీటర్ చూసి, రిజిస్టర్‌లో రాసి, ఫోటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు.