జాగ్రత్త: బెంగళూరులో బైబిల్ కాలేజీకి డబ్బు కట్టేముందు ఇది చూడండి

అడ్మిషన్ల సీజన్ వస్తే గుంటూరు, ప్రకాశం, కర్నూలు పిల్లలు చాలామంది బెంగళూరులోని కొత్తనూరు, హెణ్ణూరు వైపు పెట్టెలతో దిగుతారు. పాస్టర్ కావాలన్న పిలుపు సంగతి మీకూ దేవుడికీ మధ్య. ఫీజు సంగతి మాత్రం మీకూ క్యాషియర్‌కూ మధ్య, కాబట్టి దాని గురించే ఇది.

ముందుగా 'గవర్నమెంట్ రికగ్నైజ్‌డ్' అనే మాట. అడిగితే గోడకు ఫ్రేమ్ కట్టిన కాగితాలు చూపిస్తారు. దగ్గరికెళ్లి చదవండి. ఒకటి ట్రస్టు రిజిస్ట్రేషన్, ఒకటి విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ, ఇంకొకటి ఐఎస్‌ఓ. ఇందులో ఏదీ డిగ్రీ ఇచ్చే హక్కు కాదు. ఆ హక్కు ఎవరికుందో 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. పశ్చిమ బెంగాల్‌లో క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ కాలేజీ సెనేట్‌కు ఆ అధికారం 1918 బెంగాల్ చట్టంతో వచ్చింది. బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్ లూథరన్ కాలేజీ దాని కిందే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ) చదివిస్తాయి. ఏటీఏ (ఏషియా థియలాజికల్ అసోసియేషన్) గుర్తింపు వేరు. చదువు నాణ్యతకు అది మంచి గుర్తే, కాలేజీల మధ్య చెల్లుతుంది కూడా, కానీ యూజీసీ గుర్తింపు కాదు. రేపు బి.ఎడ్.కో సర్కారు కొలువుకో ఆ డిగ్రీ పెడతానంటే కుదరదు. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ఒకసారి తెరవండి: గుంటూరు చిరునామాతో, విశాఖ చిరునామాతో క్రైస్తవ పేర్లే కనిపిస్తాయి. 'విదేశాల్లో చూపించడానికి అపోస్టిల్ ముద్ర చేయించి ఇస్తాం' అన్నా పొంగిపోకండి. అది సంతకం, ముద్ర అసలువని చెబుతుందే తప్ప డిగ్రీకి విలువ కట్టదు.

ఇక లెక్క. గ్రాడ్యుయేట్లకు బి.డి. నాలుగేళ్లు. అందరూ ట్యూషన్, మెస్ కూడి ఆగిపోతారు. నెలకు 15,000 వచ్చే ఉద్యోగం మాని వెళ్తే నాలుగేళ్లలో పోయే జీతమే 7,20,000. పెళ్లయినవాళ్లకు ఇంటద్దె, పిల్లల స్కూలు దీనికి అదనం. గుర్తింపు లేని కోర్సుకు బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ పుట్టదు, అప్పుడు ఏజెంట్లే పర్సనల్ లోన్ దారి చూపిస్తారు. 14 శాతం వడ్డీకి 3 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 6,980. చదువయ్యేదాకా ఆగే వెసులుబాటు ఉండదు, మరుసటి నెలనుంచే కట్టాలి. ఆంధ్రాలో పాస్టర్లకు ప్రభుత్వం ప్రకటించిన గౌరవ వేతనం నెలకు 5,000. ఆ ఈఎంఐ, ఈ వేతనం పక్కపక్కన రాసుకోండి.

అసలు దెబ్బ తగిలేది మాత్రం వేరేచోట. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ లాంటి సంఘాల్లో జీతం, పార్సనేజీ (పాస్టరు ఇల్లు) ఉన్న పోస్టు డిగ్రీ చూసి ఇవ్వరు; డయాసిస్ (బిషప్ కింది ప్రాంతం) లేదా సినడ్ (సంఘం పై సభ) ముందే క్యాండిడేట్‌గా ఎంపిక చేసి పంపాలి. సొంత డబ్బుతో బి.డి. ముగించుకుని బిషప్ ఆఫీసు మెట్లెక్కితే 'మిమ్మల్ని పంపింది ఎవరు?' అన్నదే మొదటి ప్రశ్న. కాబట్టి మీ పాస్టరేట్ (స్థానిక సంఘం) కమిటీ సిఫారసు, డయాసిస్ లెటర్ చేతికి వచ్చాకే సీటు అడగండి. పంపితే ఫీజు ఎవరిది, ఎన్నేళ్ల బాండు, మధ్యలో మానితే ఎంత తిరిగి కట్టాలి, ఇవి రాతలో తీసుకోండి. స్వతంత్ర సంఘం పెట్టుకునేవాళ్లను డిగ్రీ అడిగే నాథుడే లేడు. వాళ్లకు ఉద్యోగం మానకుండా చదివే కరస్పాండెన్స్ కోర్సు చాలు.

రసీదు చూడండి. 'ట్యూషన్ ఫీజు' అని ఉండాల్సిన చోట 'కానుక' అని రాసి ఇచ్చారంటే, రెండో వారంలో మానేసి వాపసు అడిగినప్పుడు 'కానుక తిరిగి ఇస్తామా?' అంటారు. అలాంటి రసీదు ఇస్తే కౌంటర్ దగ్గరే మార్చి రాయమనండి, నగదు వద్దని ట్రస్టు ఖాతాకే వేయండి. టెన్త్, డిగ్రీ ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో ఉన్నంతకాలం మిగతా ఫీజు గురించి మీరు గట్టిగా మాట్లాడలేరు.