విజయనగరంలో కాపురానికి ఏది మేలు: కోట చుట్టూనా, కాలేజీల వైపా?

మే నెలాఖరుకి విజయనగరంలో గేట్లకి టు-లెట్ బోర్డులు వేలాడ్డం మొదలవుతుంది. బళ్లు తెరిచేలోపు ఇల్లు మారాలని తొందరపడేవాళ్లు కొందరు, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తేలాక చూద్దామనేవాళ్లు కొందరు. వైజాగ్ అద్దెలు భరించలేక ఇక్కడుండి రోజూ రైల్లో వెళ్లొద్దామని వచ్చేవాళ్లూ ఉన్నారు. అందరి ప్రశ్నా ఒకటే. మూడు లాంతర్లు, గంటస్తంభం, కోట చుట్టుపక్కల పాత ఊళ్లో దిగాలా? లేక చింతలవలస, ద్వారపూడి, గాజులరేగ వైపు, కాలేజీల దగ్గర కొత్త ఇళ్లలో దిగాలా?

అద్దె ఎంతని అందరూ ముందే లెక్కేస్తారు. నేనైతే ఇంట్లో పిల్లలకి ఎన్నేళ్లని అడుగుతాను. పదో తరగతి లోపు పిల్లలుంటే కోట చుట్టూ ఉండటమే మేలు. ఇంజనీరింగ్‌కి వచ్చిన కొడుకో కూతురో ఉన్నారని కాలేజీ పక్కకి సంసారం మొత్తం తీసుకుపోవడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది. కాలేజీ బస్సు ఎలాగూ ఊళ్లోకి వస్తుంది.

ముందు కాలేజీల వైపు సంగతి. చింతలవలసలో విజయనగరం రాజకుటుంబం పెట్టిన మాన్సాస్ ట్రస్టు వాళ్ల ఎంవీజీఆర్ ఇంజనీరింగ్ కాలేజీ 1997 నుంచి ఉంది. ద్వారపూడిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ కాలేజీ 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. గాజులరేగలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో తెరిచారు. ఇన్ని వచ్చాక చుట్టూ ఇళ్లు లేవకుండా ఎలా ఉంటాయి? లేచాయి. గాలీ వెలుతురూ ఉన్న గదులు, టైల్స్, బండి పెట్టుకోను చోటు, అటాచ్డ్ బాత్రూం. చూడగానే మనసు లాగుతుంది.

చిక్కల్లా ఆ ఇంటి లెక్కలో ఉంది. ఒక డబుల్ బెడ్‌రూం పోర్షన్‌లో నలుగురు కుర్రాళ్లు దిగి తలా మూడు వేలు వేసుకున్నారనుకోండి, ఓనరు చేతికి పన్నెండు వేలు. అదే పోర్షన్‌కి ఒక్క జీతం మీద బతికే కుటుంబం ఎనిమిదో తొమ్మిదో అంటుంది. ఓనరు ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. అందుకే కాలేజీల చుట్టూ ఇళ్లు మెల్లమెల్లగా హాస్టళ్లవుతున్నాయి. హాల్లో ప్లైవుడ్ అడ్డం పెట్టి రెండు గదులు చేస్తారు, వంటింట్లో ఇంకో మంచం వేస్తారు. పక్క పోర్షన్‌లో మీరు సంసారం చేస్తుంటే డాబా మీద తీగలనిండా జీన్స్ ప్యాంట్లు, మెట్ల కింద ఆరేడు బైకులు, పరీక్షలు అయిపోయిన రాత్రి రెండింటి దాకా పాటలు. కుర్రాళ్లని తప్పుపట్టడం లేదు, ఆ వయసులో అలాగే ఉంటారు. కానీ ఆరేళ్ల పిల్లని తెల్లారి ఏడింటికి బడికి లేపాల్సిన తల్లికి అది కుదరదు. రెండేళ్లకోసారి ఓనరు వచ్చి ‘ఇల్లు ఖాళీ చెయ్యండి, రూములుగా ఇచ్చుకుంటాం’ అంటే మీ దగ్గర జవాబుండదు.

పాత ఊళ్లో బేరం తిరగబడుతుంది. ఇక్కడ బోర్డు మీదే ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని ఉంటుంది. మెట్ల మీద కూచున్న పెద్దావిడ మిమ్మల్ని ఎగాదిగా చూసి, ‘ఎంతమందుంతారు బాబూ? చుట్టాలు ఎక్కువా?’ అని అడుగుతుంది. నీళ్ల గురించి మీరు అడిగితే ‘నీల్లకేటి, ఇబ్బంది నేదు’ అంటుంది. ఆ మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చెయ్యకండి. మున్సిపల్ కుళాయి వచ్చే వేళ కనుక్కుని ఆ సమయానికే మళ్లీ వెళ్లండి. బిందె ఎంతసేపటికి నిండుతోందో, పైపోర్షన్‌కి మోటారు ఎవరు వేస్తున్నారో కళ్లారా చూడండి. నూతిలో నీళ్లున్నాయంటే అదొక ధీమా, కాకపోతే ఏప్రిల్లో కూడా ఉంటాయా అని పక్కింటివాళ్లని అడగాలి.

పాత ఇళ్ల లోటు దాచేది కాదు. వీధి వైపు ఎనిమిదడుగుల వెడల్పు, లోపలికి పోతే రైలుపెట్టెలా ఒకదాని వెనక ఒకటి గదులు. మధ్య గదికి పగలు కూడా లైటు వెయ్యాలి. కారుంటే అసలు ఆ వీధుల వైపు చూడొద్దు. బండి అయితే వరండాలోకి ఎక్కించుకోవాలి.

అయినా ఎందుకు అక్కడే ఉండమంటున్నానంటే, ఈ ఊళ్లో పిల్లలకి చూపించదగ్గవన్నీ ఆ వీధుల్లోంచి నడిచివెళ్లేంత దూరంలో ఉన్నాయి. 1713లో పునాది పడిన కోట అక్కడే. ఆ పక్కన సంగీత కళాశాల. 1919లో పెట్టినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల, సుశీల చదువుకున్న చోటది. సాయంత్రం పూట ఆ గోడ పక్కనుంచి నడిస్తే ఒక గదిలోంచి వీణ, ఇంకో గదిలోంచి మృదంగం వినిపిస్తాయి. మీ పిల్లకి పాటో నాట్యమో నేర్పించాలని ఉంటే చేర్చుకునే వయసు, దరఖాస్తు గడువు అక్కడి ఆఫీసులోనే అడగండి. చింతలవలసలో ఉంటే ఇదే పని రోజూ రానూపోనూ ఆటో ఖర్చు, మీ గంటన్నర. మూడో వారానికి మానేస్తారు. గురజాడ ఇల్లు కూడా దగ్గరే. సెప్టెంబరు 21న జయంతి, నవంబరు 30న వర్ధంతి. పిల్లాడిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, దేశమంటే మట్టి కాదన్న మనిషి కూచుని రాసుకున్న ఇల్లు ఇదిరా అని చూపించొచ్చు.

ఇక సిరిమాను. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్లు. అరవై అడుగులుండే చింతమాను కొనకి ఆసనం కట్టి, అందులో పూజారి కూచుని మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం మాను మీదకి అరటిపళ్లు విసురుతారు. ఆ రోజు బయటినుంచి వచ్చేవాళ్లకి ఎండ, తోపులాట, పోలీసు బారికేడ్లు. బండి ఎక్కడో వదిలి చంటిపిల్లని భుజాన వేసుకుని నడవాలి. ఆ వీధుల్లోనే కాపురమున్నవాళ్లయితే మధ్యాహ్నం భోంచేసి, పిల్లల్ని కాసేపు పడుకోబెట్టి, సమయానికి డాబా ఎక్కుతారు. ఆ రెండ్రోజులూ చుట్టాలు మీ ఇంటికే వస్తారన్నది వేరే సంగతి. పదిమందికి తక్కువ కాకుండా వండాలి, ఆ నెల గ్యాస్ బండ ముందే బుక్ చేసుకోవాలి. తరవాత పెద్దచెరువులో తెప్పోత్సవం, ఉయ్యాల కంబాల. ఇవన్నీ డబ్బు పెట్టి టిక్కెట్టు కొనక్కర్లేని పండగలు.

కాలేజీల్లో ఫెస్టులుంటాయి కదా అంటారు. ఉంటాయి, కాకపోతే ఐడీ కార్డు లేనివాళ్లని గేటు దగ్గరే ఆపుతారు. అవి కాలేజీ పిల్లల పండగలు, మన ఇంటిల్లిపాదివి కావు.

ఈ రెండూ వద్దనుకుంటే కంటోన్మెంట్, రింగ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లున్నాయి. లిఫ్టు, వాచ్‌మన్, పార్కింగ్. ముసలివాళ్లున్న ఇంటికి, కారున్న ఇంటికి నిస్సందేహంగా అదే. అద్దె కాకుండా మెయింటెనెన్స్ ఎంతో, జనరేటరు లిఫ్టుకే పనిచేస్తుందా ఇంట్లో ఫ్యాన్లకి కూడానా అని మాత్రం అడగండి.

ఎందుకీ అద్దె గోల, స్థలం కొనేద్దామనే ఆలోచన ఈ మధ్య ఎక్కువైంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినప్పటినుంచి బ్రోకర్ల నోట ఎయిర్‌పోర్టు మాట తప్ప ఇంకోటి లేదు. ఊరికి ఎటువైపు లేఅవుట్ చూపించినా అది విమానాశ్రయానికి దగ్గరే అంటారు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, నంబరు చెప్పలేకపోతే లేచి వచ్చెయ్యండి. ఊరి బయట గుంకలాంలో 2020 డిసెంబరు 30న 12,301 ప్లాట్లతో ప్రభుత్వ ఇళ్ల కాలనీకి పైలాన్ ఆవిష్కరించారు. అక్కడ పట్టా వచ్చినవాళ్ల లెక్క వేరు, అద్దె మిగులుతుంది కాబట్టి బస్సు దూరాన్ని ఓర్చుకోవచ్చు.

పాత ఊరైనా కాలేజీల వైపైనా కరెంటు మీటరు విడిగా ఉందో లేదో చూడటం మరవకండి. ఓనరుకీ మీకూ కలిపి ఒకటే మీటరుండి, లోపల సబ్ మీటరు పెట్టి యూనిట్లు లెక్కేస్తే నష్టం మీదే. 2022 ఏప్రిల్లో వచ్చిన స్లాబుల ప్రకారం తొలి 30 యూనిట్లకి 1.90 రూపాయల చొప్పున, 225 దాటినవాటికి 8.75, 400 దాటితే 9.75. రెండు ఇళ్ల వాడకం ఒక మీటరు మీద పడితే పై స్లాబులోకి పోవడానికి వారాలు చాలు. హాస్టళ్లుగా మార్చిన ఇళ్లలో ఈ గొడవ మరీ ఎక్కువ.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని కొత్తవాళ్లు అనుమానపడతారు. ఏడాదికి మించిన లీజుని రిజిస్టర్ చెయ్యాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది, ఆ ఖర్చు తప్పించుకోడానికి అలా రాస్తారు. మోసమేమీ లేదు. ఖాళీ చెయ్యమనే ముందు ఎన్ని నెలల గడువిస్తారో, అడ్వాన్సులోంచి రంగుల ఖర్చు తీసుకుంటారో లేదో మాత్రం అందులో రాయించుకోండి. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లు తక్కువ కాబట్టి, పట్టింపు లేనివాళ్లు ఆ నెలలో వెతికితే ఓనరు బేరానికి కాస్త మెత్తబడతాడు.

మూడు లాంతర్ల దగ్గర మేడమీద పోర్షన్ తీసుకుంటుంటే డాబా సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. సిరిమాను రోజున ఓనరు చుట్టాలు ముప్ఫైమంది మీ మెట్ల మీంచే పైకెక్కుతారు, మీ వాళ్లు ఏ మూల నిలబడాలో ముందే మాటైపోతే ఇద్దరికీ మంచిది.