ఇక్తియోర్నిస్ అస్థిపంజరం కిట్: ఏలూరు రోడ్డులో కొన్నాం, ఎలా ఉందంటే

మా వాడు ఎనిమిదో తరగతి, సెలవుల్లో ఫోన్ వదలట్లేదని ఏలూరు రోడ్డులో ఒక షాపులో ఈ కిట్ తీసుకున్నా, 1,250 అయ్యింది. ఇక్తియోర్నిస్ అంటే కోట్ల ఏళ్ల కిందటి పళ్లున్న పక్షి, ఒళ్లు పావురమంత, రెక్కలు చాపితే 60 సెంటీమీటర్లు. అసలు సైజులోనే చేశారు, అది నాకు బాగా నచ్చింది.

ఇంటికొచ్చి విప్పితే దవడ వేరే కవర్లో ఉంది, దాన్నిండా సన్న సన్న పళ్లు. మా వాడు చూడగానే "అమ్మా, ఇది బల్లిదే, వేరే కిట్‌ది కలిసిపోయింది" అన్నాడు, నాకూ అలాగే అనిపించి మర్నాడు షాపుకి పట్టుకెళ్లాం. ఆయన "లేదు మేడం, దీనిదే, పెట్టి చూడండి" అని అక్కడే పుర్రెకి పెట్టి చూపించారు, సరిగ్గా కూర్చుంది! తర్వాత చదివితే తెలిసిందేంటంటే 1872లో అమెరికాలో మార్ష్ అనే సైంటిస్టు కూడా ఇలాగే అనుకున్నాడంట, కాన్సాస్ సుద్దరాళ్లలో మడ్జ్ అనే ఆయనకి దొరికిన ఎముకలవి, ఒళ్లేమో పక్షిది, దవడేమో వేరే సరీసృపానిదని దానికి ఇంకో పేరు కూడా పెట్టేశాడు, రాయి ఇంకా శుభ్రం చేశాక 1873లో రెండూ ఒకటేనని తేలింది. అది చదివి మా వాడి మొహం వెలిగిపోయింది. ఈ ఒక్క దానికే డబ్బులు వచ్చేసినట్టు నాకు.

రొమ్ము ఎముక మీద నిలువుగా లేచిన అంచు భలే చేశారు, ఎగరడానికి కండలు పట్టుకునేది దానికే, కోడి కోసేటప్పుడు మనం చూసేదే.

లోపాలు కూడా చెప్పాలి. పై ముక్కు చివరిదాకా పళ్లు పెట్టారు, అది తప్పు. 2018లో పుర్రెని స్కాన్ చేసి చూస్తే కొసకి పళ్లు లేవు, ఇప్పటి పక్షుల్లాగే ముక్కు ఉంది, పళ్లు దాని వెనకే. మేం గరుకు కాగితంతో కొస పళ్లు అరగదీసేశాం, పావుగంట పని. కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఏమో చేపలు తింటుంది కాబట్టి ఇక్తియోర్నిస్, అంటే చేపపక్షి, అని పేరొచ్చిందని రాశారు, కాదండీ, దాని వెన్నుపూసలు చేప వెన్నుపూసల్లాగా రెండు వైపులా గుంటగా ఉంటాయని ఆ పేరు. పిల్లల చేతికిచ్చే కాగితం, ఒకసారి ఎవరికైనా చూపించి అచ్చేయాల్సింది. ఇచ్చిన గమ్ కూడా ఎండిపోయి ఉంది, ఫెవిక్విక్ కొనుక్కున్నాం.

అయినా నేను నాలుగు స్టార్లు ఇస్తా. పదేళ్ల లోపు పిల్లలైతే పక్కన కూర్చోండి, కాలివేళ్ల ముక్కలు బియ్యపు గింజంత ఉంటాయి, స్టీలు పళ్లెంలో పోసుకుని చేస్తే పోవు. మాది టీవీ పక్కన పెట్టాం, ఫ్యాన్ గాలికి కుడి రెక్క ఊగుతోంది, గోడ వైపుకి జరిపి పెట్టుకోండి.