హానోవర్ కోర్టు, ఒక్క పెన్నీ తీర్పు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ వెళ్తే ఊరి బయట చవక మోటళ్ల జోలికి పోకండి. మాకు ఫోనులో రాత్రికి 92 డాలర్లన్నారు. ఖాళీ చేసేటప్పుడు సౌకర్యాల రుసుమని 19 డాలర్లు వేసి, పన్నుతో 124 డాలర్ల 60 సెంట్ల బిల్లు చేతిలో పెట్టారు. ఏం సౌకర్యాలని అడిగితే ఈతకొలను అన్నారు. దానికి తాళం వేసి ఉంది! గదిలో ముక్కిపోయిన వాసనకు మా ఆవిడ రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చుంది. మొత్తం ఎంతో ముందే రాయించుకోండి.

జేమ్స్‌టౌన్ ఓ పూటలో చూసేశాం. యార్క్‌టౌన్ మ్యూజియంలోని నమూనా పొలంలో పొగాకు కనబడగానే నాన్నకు ప్రాణం లేచొచ్చింది. ప్రకాశం జిల్లాలో ఆయన ఏళ్ల తరబడి వేసింది వర్జీనియా పొగాకే. ఇక్కడ పూర్వం ఆకును బ్యారన్ అనే వేడి గదిలో కాకుండా గాలికే ఆరబెట్టేవారంటే ఆశ్చర్యపోయారు.

నా మనసంతా రిచ్‌మండ్‌కు ఉత్తరాన ఉన్న హానోవర్ పాత కోర్టు దగ్గరే ఉండిపోయింది. ఎర్రటి ఇటుకల భవనం, ముందు కమానుల వసారా. అప్పట్లో బ్రిటిష్ వలసగా ఉన్న వర్జీనియాలో ఇంగ్లండ్ చర్చిదే అధికార మతం. జనం పన్నుగా కట్టే పాదిరీ జీతం ఏడాదికి 16,000 పౌండ్ల బరువు పొగాకు. 1758లో పంట దెబ్బతిని ధర పెరిగితే, ఆకుకు బదులు పౌండుకు రెండు పెన్నీలు చెల్లించవచ్చని శాసనసభ చట్టం చేసింది. బ్రిటిష్ రాజు దాన్ని కొట్టేశాడు. జేమ్స్ మోరీ అనే పాదిరీ తనకు తగ్గిన జీతం బకాయికి దావా వేసి గెలిచాడు. పరిహారం తేల్చే రోజున, 1763 డిసెంబరు 1న, తర్వాత అమెరికా విప్లవ నాయకుడైన 27 ఏళ్ల లాయరు పాట్రిక్ హెన్రీ పాదిరీకి ఎదురుపక్షాన వాదించాడు: ప్రజలకు మేలు చేసే చట్టాన్ని రద్దు చేసిన రాజుకు విధేయత కోరే హక్కు లేదని! న్యాయపీఠం మీద ఉన్నది అతని తండ్రే. జ్యూరీ ఇప్పించింది ఒక్క పెన్నీ.

నాన్న మాత్రం పాదిరీ పక్షం. “ఆకు ఇస్తామని ఒప్పుకున్నాక ధర పెరిగిందని మాట మారుస్తారా?” అన్నారు. నేను ఒప్పుకోలేదు, కరవు ఏడాది జనం మీద భారం మోపడం ఏ ధర్మం? కారెక్కాక కూడా వాదన ఆగలేదు. ఆ ఆకులో చాలా భాగం పండించిన నల్లజాతి బానిసలకు మాత్రం రెండు పక్షాల్లోనూ చోటు లేదు. ఈ మాట నేనంటే నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

విలియమ్స్‌బర్గ్‌లో రెండో రోజు మానుకుని ఆ పూట హానోవర్‌కు ఇవ్వండి. బయటి నుంచి చూడటానికి మాకు పైసా ఖర్చు కాలేదు.