పాత ఫోటోను వికీపీడియాలో పెట్టాలంటే ఏ దారి మేలు?

ఒక రంగస్థల నటుడి గురించి తెలుగు వికీపీడియాలో వ్యాసం రాయాలంటే పాత పత్రికలో, గ్రంథాలయంలోని సంచికలో, బంధువుల జ్ఞాపకాలో ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. చిక్కంతా ఫోటో దగ్గరే వస్తుంది. కోవూరు దగ్గరి ఒక పల్లెలో పుట్టి, హరిశ్చంద్రుడి వేషంతో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పేరు తెచ్చుకున్న ఒక కళాకారుడి ఫోటో కోసం వారి అబ్బాయి ఇంటికి వెళ్లాను. అబ్బాయి అంటే ఆయనకూ ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇనుప పెట్టె అడుగు నుంచి ఆయన తీసి ఇచ్చిన ఫోటో అట్టకు అతికించి ఉంది. అంచులను పురుగు తినేసింది. భుజాన గొంగళి, చేతిలో కాటికాపరి కర్ర మాత్రం స్పష్టంగా ఉన్నాయి. వెనుక ఊదారంగు రబ్బరు స్టాంపులో నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక స్టూడియో పేరు, దాని కింద సిరాతో 1971 అని ఉంది.

అనుమతి కావాలని చెప్పగానే ఆయన ఆశ్చర్యపోయి, "ఏందబ్బయా, మా నాయన ఫోటోకి మళ్లీ ఎవురి పర్మిషన్ కావాల?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలియకుండానే నేను ఆ రోజు తెల్లకాగితం మీద "ఈ ఫోటోను వికీపీడియాలో వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని రాయించి, సంతకం పెట్టించి, దాన్ని స్కాన్ చేసి నా ఈమెయిల్ నుంచి పంపాను. అది చెల్లలేదు, వికీపీడియాలన్నీ వాడుకునే ఉమ్మడి ఫోటోల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో నేను ఎక్కించిన ఫోటోను తొలగించారు. తప్పు నాదే. అప్పటి నుంచి ఈ దారులన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంటూ వచ్చాను.

ముందుగా ఆయన ప్రశ్న సంగతి చూద్దాం. ఫోటో ఎవరి పెట్టెలో ఉంటే హక్కు వారిదే అనుకోవడం పొరపాటు, స్కాన్ చేసినవారికైతే అసలే రాదు. మన 1957 కాపీహక్కు చట్టం ప్రకారం మామూలుగా ఫోటో తీసినవారే హక్కుదారు. అయితే అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తన కోసం ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. స్టూడియోకు వెళ్లి డబ్బు కట్టి తీయించుకున్న ఆ వేషం ఫోటోకు హక్కుదారు ఆ నటుడే, ఆయన తర్వాత వారసులు. కాబట్టి ఎప్పుడో మూతపడిన స్టూడియో యజమాని కోసం ట్రంకు రోడ్డంతా వెతకాల్సిన పని లేదు. పత్రికా విలేకరి తీసిన ఫోటోకు, నాటక పరిషత్తులో ఎవరో తన ఇష్టంతో తీసిన ఫోటోకు మాత్రం ఈ సౌకర్యం వర్తించదు.

హక్కుదారు ఎవరో తేలాక ముందున్న దారుల్లో మొదటిది, వారి చేత ఈమెయిల్ పంపించడం. వికీమీడియాలో ఇలాంటి అనుమతులను పరిశీలించే స్వచ్ఛంద సేవకుల బృందాన్ని వీఆర్‌టీ అంటారు, పాతవాళ్లు ఇప్పటికీ ఓటీఆర్ఎస్ అనే పాత పేరుతోనే పిలుస్తారు. ఆ లేఖ హక్కుదారు సొంత ఈమెయిల్ నుంచే వెళ్లాలి. ఏ ఫోటోకు ఇస్తున్నారో, తాము హక్కుదారు ఎలా అయ్యారో, ఏ లైసెన్సు కింద విడుదల చేస్తున్నారో అందులో స్పష్టంగా ఉండాలి. నేను పంపిన కాగితంలో ఈ మూడూ లేవు. పైగా "వికీపీడియాలో మాత్రమే" అన్న అనుమతిని కామన్స్ తీసుకోదు. వాణిజ్య వినియోగానికి, మార్పులకు కూడా వీలిచ్చే స్వేచ్ఛా లైసెన్సును, అంటే క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్ఏ 4.0 వంటిదాన్ని, పేరు పెట్టి చెప్పాలి. చట్టం వైపు నుంచి చూసినా ఆ తెల్లకాగితం బలహీనమైనదే, ఎందుకంటే అనుమతి పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లేననీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పాఠంలో ఈ రెండు విషయాలూ ముందే రాసి ఉంటాయి.

ఈ దారిలో ఉన్న కష్టం ఓపికకు సంబంధించినది. సేవకులు జీతగాళ్లు కారు, జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు. ఈలోగా ఫోటో పుటలో "అనుమతి పంపాము" అని తెలిపే మూస (ముందే తయారుగా ఉండే సూచన పెట్టె) పెట్టుకోవాలి. గడువులోగా అనుమతి ఖరారు కాకపోతే ఫోటోను తొలగిస్తారు, కానీ ఆ తర్వాత సరైన లేఖ అందితే తిరిగి తెస్తారు. మా ఫోటో అలాగే తిరిగొచ్చింది. డెబ్బై దాటిన మనిషికి ఈమెయిల్ లేకపోతే మనవరాలి ఫోనులో ఆయన పేరుతోనే ఖాతా తెరిపించడం మేలు, మన ఖాతా నుంచి పంపితే మళ్లీ మొదటికే వస్తుంది.

రెండవది, హక్కుదారే కామన్స్‌లో ఖాతా తెరిచి స్వయంగా ఎక్కించడం. ఫోటోగ్రాఫర్లకు ఇంతకంటే మంచి దారి లేదని నా అభిప్రాయం. ఒంగోలు గిత్తల పోటీలను ఏళ్ల తరబడి తీస్తున్నవారు, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన నేలపట్టులో పక్షుల కోసం తెల్లవారుజామున కూర్చునేవారు తమ ఫోటోలను పదుల కొద్దీ ఒకేసారి ఎక్కించవచ్చు, ప్రతిదానికీ విడిగా లేఖ రాయనక్కరలేదు, ఎవరికి ఘనత ఇవ్వాలో వారే రాసుకోవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఆ ఫోటో అంతకుముందే ఫేస్‌బుక్‌లోనో మరెక్కడో కనిపిస్తే, సొంత ఫోటో అయినా ఈమెయిల్ అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాకుండా కెమెరా నుంచి దించిన అసలు ఫైలునే పెట్టాలి, ఎందుకంటే వాట్సాప్ ఫోటోను కుదించడమే కాక తీసిన తేదీ, కెమెరా వివరాలను కూడా చెరిపేస్తుంది. ఇలాంటివారికి ఈ దారి ఎంత సులువో, కుటుంబ ఆల్బంలోని ఫోటోలకు అంత ఇబ్బంది. అక్కడ ఎక్కించేవారు ఫోటో తీసినవారు కారు, "నా స్వంత కృతి" అని టిక్కు పెడితే అది అబద్ధమవుతుంది.

మూడవది సముచిత వినియోగం. ఏ అనుమతీ లేకుండానే చిన్న పరిమాణంలో, తెలుగు వికీపీడియాలోనే, ఆ ఒక్క వ్యాసం కోసం పెట్టుకోవడం ఇది. 2007లో వికీమీడియా ఫౌండేషన్ చేసిన తీర్మానం దీనికి హద్దులు గీసింది. స్వేచ్ఛా లైసెన్సుతో ఫోటో దొరికే వీలున్నచోట ఇది పనికిరాదు, జీవించి ఉన్న వ్యక్తుల ఫోటోలకు దాదాపుగా ఒప్పుకోరు. చాలామంది దీన్నే ముందుగా పట్టుకోవడం నన్ను బాధపెడుతుంది. పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. కానీ ఆ ఫోటో ఆంగ్ల వ్యాసానికి అందదు, కన్నడ వ్యాసానికి అందదు, పాఠ్యపుస్తకం వేసేవారు ధైర్యంగా తీసుకోలేరు. పైగా మా నటుడి విషయంలో కొడుకు బతికి ఉన్నారు, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అడిగితే దొరికేదాన్ని "దొరకదు" అని రాసి పెట్టడం న్యాయం కాదు. వారసులెవరూ మిగలని మనిషికి, మరో ఫోటో ఎక్కడా లేనప్పుడు మాత్రం నేను దీన్ని సమర్థిస్తాను.

కట్టడాలకు, ఊళ్లకు ఈ చర్చే అక్కరలేదు. ఉదయగిరి కోటకో, 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు పినాకిని ఆశ్రమానికో, భైరవకోన గుహలకో ఒకరి ఫోటోను అడుక్కునే బదులు బస్సెక్కి వెళ్లి మనమే తీసుకోవచ్చు. కూడలిలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాన్ని ఫోటో తీయడానికి కూడా మన చట్టం 52వ సెక్షన్‌లో వీలిచ్చింది.

ఏ దారి పట్టినా, సంతకం చేసేవారికి ఒక మాట దాచకుండా చెప్పాలి. స్వేచ్ఛా లైసెన్సు ఇస్తే రేపు ఎవరైనా ఆ ఫోటోను క్యాలెండరు మీద అచ్చువేసి అమ్ముకోవచ్చు, అందుకు డబ్బు ఇవ్వనక్కరలేదు. ఘనత ఇవ్వాలి, మార్చి వాడితే అదే లైసెన్సు కింద ఇవ్వాలి, అంతే. ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడానికీ కుదరదు. ఆంగ్లంలో ఉన్న నమూనా లేఖ పక్కన దాని అర్థాన్ని తెలుగులో రాసి, చదివి వినిపించాకే ఆయన చేత పంపించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "పోన్లే, మా నాయన మొగం నలుగురికీ కనపడతాది గదా" అన్నారు. అభ్యంతరం చెప్పి ఉంటే వ్యాసాన్ని ఫోటో లేకుండానే ఉంచేవాణ్ణి.

వీఆర్‌టీ ఆ అనుమతి లేఖకు ఇచ్చిన టికెట్ నంబరుతో ఆ ఫోటో ఇప్పుడు వ్యాసంలో ఉంది. ఆ సంతోషంలో ఆయన మరో ఫోటో కూడా తెచ్చారు. అందులో నాటక సమాజం మొత్తం వేషాలతో తెర ముందు నిలబడి ఉంది, వెనుక స్టాంపు లేదు, తీసిందెవరో, తీయించిందెవరో ఆయనకు గుర్తు లేదు. ఆ రోజుల నాటి ఇంకో మనిషి ఎవరైనా తటస్థపడితే అడుగుదామని, దాన్ని తిరిగి పెట్టెలోనే పెట్టేశాం.